రంధికి కొలత

సూరతు నుండి ముంబయి వైపు పోయే పాసింజరు బండిలో కూర్చుంటే మొదట ఉధ్నా వస్తుంది, తరువాత భేస్తాన్. దూరపు బండ్లలో పోయేవారికి అది కిటికీలో మెరిసి మాయమయ్యే ఒక పలక మాత్రమే. దిగి నడిచినవారికి చాల భాషలు వినిపిస్తవి. ప్రక్కనే పాండేసరా పారిశ్రామికవాడ. అక్కడి అద్దకపు మిల్లులకు, చుట్టుప్రక్కల మరమగ్గాల శాలలకు మనుషులు కావలె. ఆ మనుషులు ఒడిశాలోని గంజాం నుండి, ఖాన్‌దేశం నుండి, బిహారు నుండి, మన తెలంగాణం నుండి వచ్చినారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆ మాటను సద్దిమూటతో పాటు తెచ్చుకొన్న పద్మశాలి కుటుంబాలలో మాది ఒకటి. మా తండ్రి సాంచె మీద పన్నెండు గంటల పాళీలు చేసి నన్ను హిందీలో ఎం.ఏ. దాకా చదివించినాడు. నేను నూలు వదలి మాటలు పట్టుకొన్నాను. ముప్పై ఏండ్లుగా హిందీ కథలను తెలుగులోకి, తెలుగు కథలను హిందీలోకి మోయడమే నా పని. సాంచె చప్పుడుకు మా తండ్రికి చెవులు పోయినవి. నాకు కండ్లు పోతున్నవి. అంతకు మించి మా ఇద్దరి వృత్తులకు పెద్ద తేడా లేదేమో.

కొంతకాలం క్రిందట నా వద్దకు ఒక విచిత్రమైన గ్రంథం అనువాదానికి వచ్చింది. గ్రంథం అనరాదు, తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు జవాబులు, అంతా కలిసి ఒక పుట. గుజరాతులోని తెలుగువారి మనఃస్థితిని ఫోను ద్వారా తెలుసుకోవాలని కొందరు చదువుకొన్న యువకులు సంకల్పించినారు. ఆ పట్టీకి తెలుగు రూపాలు ఇదివరకే ఉన్నవి గాని, వలసవచ్చినవారి కొరకు కొత్తగా చేయించి, అది సరిగా పనిచేస్తున్నదా లేదా అని పరీక్షించదలచినామని వారు చెప్పినారు. ఒక్క పుట! నేను నవలలు చేసినవాణ్ణి. రెండు గంటల్లో ఇస్తానన్నాను. అది ఏడు నెలలు పట్టింది.

ఇట్లాంటి పట్టీల చరిత్ర అంత పాతది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రాబర్ట్ వుడ్‌వర్త్ అనే అమెరికా మనస్తత్వవేత్త, యుద్ధభూమిలో బెదరిపోయే సైనికులను ముందే గుర్తించాలని అవును, కాదు అని జవాబు చెప్పే ప్రశ్నల వరుస ఒకటి తయారు చేసినాడు. అది చేతికి వచ్చేసరికి యుద్ధమే ముగిసింది. నా చేతికి వచ్చిన తొమ్మిది ప్రశ్నల పట్టీ గూర్చి దాని కర్తలు క్రోన్‌కే, స్పిట్జర్, విలియమ్స్ 2001లో ప్రచురించినారు. గత రెండు వారాల్లో మనిషికి దేనిమీదనైనా ఆసక్తి ఉన్నదా, మనసు క్రుంగిందా, నిద్ర ఎట్లా ఉన్నది, ఆకలి ఎట్లా ఉన్నది అని వరుసగా అడిగి, ఒక్కొక్క దానికి సున్నా నుండి మూడు దాకా మార్కులు వేస్తారు. మొత్తం ఇరవైయేడు. పది, ఆపైన వస్తే వైద్యుడు శ్రద్ధగా చూడవలసిన మనిషి అని లెక్క. ఇది రోగనిర్ణయం కాదు, రోగి ఉండవచ్చునని తలుపు తట్టడం మాత్రమే.

నాతోపాటు మరొక అనువాదకుడు కూడ విడిగా అదే పుటను తెలుగు చేసినాడు. ఇద్దరి ప్రతులను పోల్చి ఒకటి చేయడం పద్ధతి. ఇంగ్లీషు మూలంతో పాటు మాకు హిందీ రూపం కూడ ఇచ్చినారు. అక్కడ 'ఉదాస్' అని ఉన్నది. మిత్రుడు దానిని 'ఉదాసీనంగా' అని వ్రాసినాడు. హిందీలో ఉదాస్ అంటే మనసు దిగులుపడి ఉండడం. తెలుగులో ఉదాసీనుడంటే ఏమి జరిగినా తనకు పట్టనివాడు. హిందీవారి ఉపన్యాస్ మనకు నవల, వారి శిక్షా మనకు చదువు. ఇట్లాంటి మోసపు చుట్టాలను ముప్పై ఏండ్లుగా చూస్తున్న నేను ఆ తప్పును వెంటనే పట్టుకొన్నాను. పట్టుకొన్నందుకు లోలోపల సంతోషించినాను కూడ. నా ప్రతిలో ఆ చోట 'విషాదగ్రస్తులై ఉండడం' అని వ్రాసినాను. ఆసక్తి లేకపోవడాన్ని 'అనురక్తి సన్నగిల్లడం' అన్నాను. ఇప్పుడు చదువుకొంటే నాకే సిగ్గు వేస్తుంది గాని, ఆనాడు అది చక్కని తెలుగుగానే కనిపించింది.

తరువాతి మెట్టు తిరుగు అనువాదం. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ఈ పద్ధతిని శాస్త్రీయంగా చర్చించిన తరువాత అది లోకమంతటా వాడుకలోకి వచ్చింది. మూలం చూడని మరొకరు తెలుగును తిరిగి ఇంగ్లీషు చేస్తారు. అది మూలంతో సరిపోతే అనువాదం నిలిచినట్టు. మా తెలుగును తిరిగి చేసిన పండితుడు నా విషాదాన్ని, నా అనురక్తిని ఒక్క వీసం తేడా లేకుండ ఇంగ్లీషులో నిలబెట్టినాడు. అందరమూ సంతోషించినాము. అప్పుడు నాకు తట్టని సంగతి ఒకటి ఉన్నది. గ్రంథాల మాట గ్రంథాలు చదివినవాని చేతికి పోతే చెక్కుచెదరకుండ తిరిగి వస్తుంది. పామరుని మాట అట్లా రాదు. అది వంకరలు పోతుంది, పరీక్షలో తప్పుతుంది. ఈ పద్ధతి పుస్తకపు తెలుగుకే పట్టం కడుతుంది. నా ప్రతి నెగ్గింది, అది మంచిదై కాదు, మా ఇద్దరు పండితుల నడుమ మాత్రమే తిరిగింది కనుక.

మా వీధిలో ఒక పెద్దక్క ఉన్నది. డెబ్బైకి దగ్గర. నా చిన్నతనం నుండి ఆమెను అక్కా అనే పిలుస్తాను, ఆమె నన్ను తమ్మీ అంటుంది. ఇంట్లో కూర్చొని చీరలకు మెరుపురాళ్లు అంటిస్తుంది. ఫోనులో ప్రశ్నలు మొదటిసారి పంపినప్పుడు ఆమె కూడ జవాబులు ఇచ్చింది. ఫోను కోడలిది, చదివినవాడు పద్నాలుగేండ్ల మనుమడు. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ బడులు నడుపుతుంది. వాడు అక్కడ ఐదు చదివి గుజరాతీ బడికి మారినాడు. అక్షరం అక్షరం కూడబలుక్కొని నా 'విషాదగ్రస్తులై'ని చదివినాడట. పెద్దక్క తొమ్మిదింటిలో ఎనిమిదింటికి 'అసలు లేదు' అన్నది. నిద్ర ఒక్కదానికి 'కొన్ని దినాలు' అన్నది. మొత్తం ఒకటి. ఆ పట్టిక చూసి మా యువకులు ఆమె ఆరోగ్యవంతురాలన్నారు.

నాకు మాత్రం ఆ ఒకటి కంట్లో నలుసు వలె నిలిచింది. ఆమె కొడుకు సాంచె పని చేసేవాడు. 2020లో దేశమంతా మూతపడినప్పుడు మగ్గాలు ఆగిపోయి, వేలమంది వలె తానూ ఊరి దారి పట్టినాడు. భార్యాబిడ్డలను తరువాత తీసుకొనిపోతానని చెప్పి తిరిగి రాలేదు. బ్రతికే ఉన్నాడు, ఎప్పుడో ఒకసారి ఫోను చేస్తాడు. ఆ ముసలామె రాత్రి రెండు గంటలకు గడపలో కూర్చొని ఉండడం నేను ఎన్నిసార్లు చూడలేదు!

జవాబిచ్చినవారిలో కొందరి వద్ద కూర్చొని, ఈ ప్రశ్నను నీవు ఎట్లా అర్థం చేసుకొన్నావు అని అడగడం కూడ పరీక్షలో ఒక భాగమే. నేను ఆమె వద్దకు పోయినాను. విషాదం అంటే ఏమనుకొన్నావక్కా అంటే నవ్వి, "విషం తాగుడు గావచ్చు అనుకున్న. గా పాడు పని నేనెందుకు జేస్త తమ్మీ?" అన్నది. నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, మరి మనసుల రంధి ఏమన్న ఉన్నదా అని అడిగినాను. ఆమె రాళ్ల పళ్లెం ప్రక్కకు జరిపింది.

"రంధి గాక ఏమున్నది తమ్మీ? పొద్దుగూకితె కొడుకు యాదికొస్తడు. బువ్వ నోట్లె వెట్టుకుంటె మన్ను లెక్క ఉంటది. ఊకె బుగులు."

మరి మనుమడు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాను. "పసి పోరనికి వాని నాయిన రంధి జెప్పుకుందునా?"

రంధి అన్నది నిఘంటువుల్లో వెదకి చూసినంత మాత్రాన చిక్కే మాట కాదు. పోయినదానినో, రానిదానినో లోపల పెట్టుకొని మనిషి నెమరువేయడం రంధి. 'కొడుకు రంధి పెట్టుకొన్నది' అంటే విన్నవారికి ఆమె తిండి, నిద్ర, ఒళ్లు, పని అన్నీ తెలిసిపోతవి. బుగులు అంటే కారణం చెప్పలేని భయం. యాష్టకు రావడమంటే బ్రతుకు మీద విసుగు. నా తల్లి వాడిన మాటలే ఇవి. నేను ఎం.ఏ. చదివి వీటిని వదలి విషాదం తెచ్చుకొన్నాను.

యువకులు నాకు చదువుకొమ్మని కొన్ని వ్యాసాలు పంపినారు. వాటిలో చైనీయుల సంగతి నన్ను చాల ఆకర్షించింది. ఆర్థర్ క్లైన్‌మన్ అనే వైద్యుడు 1980లో చాంగ్‌షా నగరంలో, హునాన్ వైద్యకళాశాలలో, 'షెన్‌జింగ్ షువైరువో' అనే రోగంతో వచ్చిన నూరుమందిని పరిశీలించినాడు. ఆ పేరుకు అర్థం మన పత్రికల వెనుక పుటల్లో కనిపించే నరాల బలహీనతే. తలనొప్పి, నీరసం, నిద్రలేమి అని వారు చెప్పుకొన్నారు. ఆ నూరుమందిలో 87 మందికి అమెరికా కొలమానం ప్రకారం పెద్ద మానసిక కుంగుబాటు ఉన్నదని ఆయన 1982లో ప్రకటించినాడు. వారు అబద్ధం చెప్పలేదు. వారి దుఃఖం తల గుండా, నరాల గుండా మాట్లాడింది. పైగా సాంస్కృతిక విప్లవం నాటి గాయాలున్న సమాజంలో మనసు బాగాలేదని చెప్పడం కంటె నరాలు బాగాలేవని చెప్పడం క్షేమం. అమెరికాలో లెనోర్ రాడ్లాఫ్ 1977లో ప్రకటించిన ఇరవై ప్రశ్నల పట్టీలో, నేను ఇతరులతో సమానంగా మంచివాణ్ణే అనిపించిందా అనే భావం గల ప్రశ్న ఒకటి ఉన్నది. అణకువను గుణంగా నేర్చినవారు దానికి అవునని ఎట్లా చెబుతారు? మా పెద్దక్కను ఆ మాట అడిగి చూసినాను. "నేనెంతటి దాన్ని తమ్మీ" అన్నది. ఆ పట్టీలో అయితే ఈ వినయం రోగం క్రింద జమపడేది.

మన విక్రమ్ పటేల్ జింబాబ్వేలో పనిచేసినప్పుడు మరొక త్రోవ పట్టినాడు. బయటి పట్టీని అక్కడి షోనా భాషలోకి దించడం కాక, షోనా ప్రజలు తమ బాధను ఏమంటారో ముందు విన్నాడు. వారు 'కుఫుంగిసిసా' అంటారు, అతిగా ఆలోచించడమని అర్థం. ఆ మాటల మీద కట్టిన 14 ప్రశ్నల పట్టీ అక్కడ నేటికీ పనిచేస్తున్నది. చెట్టుక్రింద బల్ల మీద కూర్చొని అవ్వలే దానిని అడుగుతారు. కుఫుంగిసిసా అన్న మాట చదివినప్పుడు, ఆ దూరదేశంలో కూడ ఒక రంధి ఉన్నదన్నమాట అనుకొన్నాను.

ఇక పట్టీని మళ్లీ మొదటి నుండి పట్టుకొన్నాను. చిన్న చిన్న మాటలే ఎక్కువ ఏడిపించినవి. రెండు వారాలకు పక్షం అని వ్రాస్తే ఒక కుర్రవాడు ఏ పక్షం సారూ, అధికార పక్షమా అన్నాడు. పదిహేను దినాలు అని దిద్దినాను. నిద్ర ప్రశ్న ఇంకొక తలనొప్పి. పగటిపాళీ నుండి రాత్రిపాళీకి మారినవానికి నిద్ర పట్టకపోవడం మనసు రోగమా, మగ్గాల యజమాని లెక్కా? ఆ ప్రశ్నకు ముందు 'ఇప్పుడు ఏ పాళీ?' అని ఒక గడి పెట్టమని పట్టుబట్టినాను. మూలంలో లేనిది చేర్చరాదన్నారు. చివరకు పట్టీకి వెలుపల చేర్చినారు.

తొమ్మిదవ ప్రశ్న మరణం గూర్చినది. చనిపోతే బాగుండుననే తలపు, తన్ను తాను గాయపరచుకోవాలనే తలపు, రెండూ ఒకే ప్రశ్నలో ముడివేసి ఉన్నవి. మన ఇండ్లలో ముసలివారు, దేవుడు నన్నింకా తీసుకుపోడేమని రోజుకు నాలుగుసార్లు అంటారు. అది వయసు పాడే పల్లవి. దానికి మూడు మార్కులా? కాదని కొట్టిపారేస్తే, నిజంగా ఆ అంచున నిలిచినవాడు కూడ ఆ పల్లవి చాటునే దాగవచ్చును. ఈ ముడిని గూర్చి ఆ శాస్త్రజ్ఞులలోనే విమర్శ ఉన్నది. నేను మార్చగలిగింది స్వల్పం. కాని ఒక్క సంగతి మీద నేను పట్టు విడువలేదు: ఆ ప్రశ్నకు సున్నా కాక మరేది నొక్కినా, తరువాతి తెరమీద అభినందనలు, మీ జవాబులు అందినవి అని కనిపించరాదు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ సంఖ్య 14416 అక్కడ పెద్ద అక్షరాలతో ఉండవలె. ఆ ఫోనులో తెలుగులోనూ మాట్లాడుతారు. ఎదుట మనిషి ఉండి అడిగితే కండ్లలో నీరు చూసి ఆగుతాడు. ఫోను ఆగదు. అడిగే చేతికి ఆమాత్రం పూచీ లేకపోతే ఆ ప్రశ్న అడగనే రాదు. దీనికి వారు వెంటనే ఒప్పుకొన్నారు.

తరువాత లెక్కల వంతు. జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నవో చెప్పే కొలత ఒకటి ఉన్నది. 1951లో లీ క్రాన్‌బాక్ దానిని ఆల్ఫా అన్నాడు. మా మొదటి పట్టీకి ఆ ఆల్ఫా ఘనంగానే వచ్చింది. ఎందుకు రాదు? అర్థం కాక అన్నింటికీ సున్నా పెట్టినవారి జవాబులు ఒకదానితో ఒకటి ఎంత చక్కగా పొసుగుతవి! సూరతు బట్టల బజారులో ఒక అంగుళం తక్కువైన గజంబద్దతో కొలిచేవాడు కూడ ప్రతిసారీ ఒకే కొలత చూపుతాడు. బద్ద నిలకడగలది; కాని అది గజం కాదు. నిలకడ వేరు, ప్రామాణ్యం వేరు అని నాకు ఆ బజారే నేర్పింది.

ప్రామాణ్యానికి సాక్ష్యం కావలెనంటే పట్టీ ఇచ్చిన మార్కులను, మానసిక వైద్యుడు స్వయంగా మాట్లాడి తేల్చినదానితో పోల్చవలె. పెద్దక్క కొత్త పట్టీకి జవాబులిచ్చింది. ఈసారి మనుమడు లేడు, నేను చదివినాను. పదిహేను వచ్చినవి. తొమ్మిదవ ప్రశ్నకు ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత 'కొన్ని దినాలు' అన్నది. పరీక్ష సంగతి అటుంచి, డాక్టరు వద్దకు పోదామా అక్కా అన్నాను. నడుము నొప్పికి కూడ చూస్తడా అన్నది. చూస్తాడన్నాను.

డాక్టరు సౌమ్యుడు. గుజరాతీ, హిందీ తెలుసు, తెలుగు రాదు. ఆమెకు బజారు హిందీ మాత్రం వచ్చు. కనుక నేను నడుమ కూర్చొన్నాను. ఆయన ఉదాస్ రహతా హై క్యా అని అడిగినాడు. నేను, రంధిగ ఉంటున్నదా అక్కా అని అడిగినాను. ఆమె తల ఊపింది, ఆయన వ్రాసుకొన్నాడు. అప్పుడు నా గుండె ఝల్లుమన్నది. పట్టీలో రంధి అని వ్రాసినవాణ్ణి నేను. ఆ పట్టీ నిజమా కాదా అని తేల్చవలసిన సంభాషణలో రంధి అని అడిగినవాణ్ణీ నేనే. నా బద్దను నా బద్దతోనే కొలుస్తున్నాను. ఈ సంగతి యువకులతో చెప్పినాను. మీ వంటి మధ్యవర్తి లేకుండ తెలుగు వచ్చిన వైద్యునితో మళ్లీ చేయిస్తామన్నారు. అది న్యాయమే. ఆమె జవాబులను లెక్కలోనుండి తీసివేసినారు.

చివరి తగవు రంధి మాట మీదనే వచ్చింది. నెల్లూరులోనో శ్రీకాకుళంలోనో ఆ మాట తెలియదు. ఒకే తెలుగు పట్టీ ఉంటేనే ఒకచోటి లెక్కను మరొకచోటి లెక్కతో పోల్చగలమని వారి వాదం. దిగులు అందరికీ తెలుసుననినారు. దిగులు మంచి మాటే. కాని దిగులు సాయంకాలానికి తగ్గవచ్చు, రంధి తగ్గదు. చైనీయుల సంగతి ఎట్లా ఉన్నా మన ఒక్క తెలుగులోనే ఇన్ని తెలుగులున్నవి. తుదకు 'దిగులుగా, రంధిగా ఉండడం' అని రెండూ ప్రక్కప్రక్కన వేసినారు. అనువాదకుడుగా నాకది నచ్చలేదు. రెండు మాటలు వేయడమంటే ఒకటి ఎన్నుకోలేకపోవడమే. ఐనా ఒప్పుకొన్నాను.

పెద్దక్కకు మందులు మొదలుపెట్టినారు. నెలకొకసారి నేనో, కోడలో వెంట పోతున్నాము. మొన్న దారిలో ఆమె అడిగింది: "నా రంధికి ఆ ఫోన్ల ఎన్ని మార్కులొచ్చినయి తమ్మీ?"

"పదిహేను వచ్చినయక్కా."

"ఎన్నిటికి?"

"ఇరవైయేడుకు."

ఆమె వేళ్లమీద లెక్క పెట్టుకొన్నది. "అయితె ఇంక పన్నెండు బాకున్నయన్నట్టు" అని, ఆటోవాడు అడిగిన కిరాయికి బేరమాడడం మొదలుపెట్టింది.